జర్మనీ పోయే నర్సులకు: దిల్‌సుఖ్‌నగర్‌ల నేను చదివిన జర్మన్ క్లాసు ఎట్లుందంటే

మాది జగిత్యాల. జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, చేసి హైదరాబాద్‌ల ఐసీయూల నాలుగేండ్లు డ్యూటీ చేసిన, జర్మనీ పోదామని దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక క్లాసుల చేరి ఏ1 నుంచి బీ1 దాకా, అంటే జర్మన్ భాషల మొదటి మూడు లెవెల్లు, అక్కడనే చదివిన. కంప్లైంట్లు గూడ ఉన్నయి గాబట్టి పేరు రాస్తలేను, కానీ ఏ క్లాసుల చేరినా ఏం చూసుకోవాల్నో దీంతోని తెలుస్తది.

గ్రామర్ ఎక్కడైనా చెప్తరు. నాకు పనికొచ్చింది ఇక్కడి శనివారం క్లాసు. మా మేడం జర్మనీల ఆస్పత్రిల ఆరేండ్లు చేసి వచ్చిన నర్సు. ఒకర్ని మన చుట్టం లెక్క కూసోబెడ్తది, ఇంకొకర్ని అక్కడి పేషెంట్ లెక్క, చుట్టానికి తెలుగుల, పేషెంట్‌కి జర్మన్‌ల మనం జవాబు చెప్పాలె.

మా దిక్కు ఇంటికొకరు గల్ఫ్ పోయినోళ్ళే, అందుకే జర్మనీ అన్నా ప్రశ్నలు అక్కడివే వస్తయి, పాస్‌పోర్ట్ గుంజుకుంటరా, ఏజెంట్‌కి ఎంత కట్టినవ్ అని. మా చిన్నాయిన పాస్‌పోర్ట్ రెండేండ్లు కంపెనీ బీరువాలనే ఉండె, ఆయన అట్ల అడిగితే నాకెట్ల కోపమొస్తది. నన్ను బాధపెట్టింది మాత్రం మా మేనత్త మాట, "ముసలోళ్ళకు తానం పోసే పనటగదనే, ఇంత చదివి ఆయా పనికి పోతవా" అన్నది. శనివారం క్లాసుల అదే ప్రశ్న అడిగించుకున్న, నోట మాట రాలే.

మేడం కాదనలేదు. అవును, అక్కడ తానం చేపిచ్చుడు, తినిపిచ్చుడు నర్సు పనే అన్నది. బల్ల మీద ఒక అమ్మాయిని పండబెట్టి, టవల్ తడిపి, చెయ్యి ముట్టే ముందుగాల "ఎట్స్ట్ వాషె ఇష్ ఈరెన్ రెష్టెన్ ఆర్మ్" అన్నది, ఇప్పుడు మీ కుడి చెయ్యి కడుగుతున్న అని. చెప్పకుండ ముట్టొద్దు, కడుక్కుంటనే చర్మం ఎర్రబడ్డదా, ఊపిరి ఎట్లుంది, మనిషి హుషారుగ ఉన్నడా లేదా అన్నీ చూడాలె అని ఒక్కొక్కటే చేసి చూపించింది. ఐసీయూల నాలుగేండ్లు చేసి గూడ నేను ఆ పని అటెండర్‌కే వదిలేసిన. మేనత్తకు అదే చెప్పిన, ఉన్నదున్నట్టు.

అటు దిక్కు, అంటే అక్కడి పేషెంట్ల ప్రశ్నలు గూడ ఉంటయి. "ష్ప్రెహెన్ జీ ఇండిష్" అంటే మీరు ఇండియా భాష మాట్లాడతరా అని, అట్లాంటి భాష లేదు గదా. తెలుగు మాతృభాష అయినోళ్ళు 2011 జనాభా లెక్కల్లనే 8 కోట్ల పైన, జర్మనీ దేశం మొత్తం జనాభా గూడ సుమారు అంతే, ఈ ఒక్క ముక్క జర్మన్‌ల చెప్పుడు నేర్చుకున్నంక నాకు మస్తు ధైర్యమొచ్చింది.

జీతం గురించి గూడ మేడం దాచిపెట్టలే. టాక్స్, పెన్షన్, హెల్త్ ఇన్సూరెన్స్ అన్నీ బోర్డు మీద రాసి, పెండ్లి గానోళ్ళు టాక్స్ క్లాస్ 1ల ఉంటరు, కటింగ్ ఎక్కువ అని చెప్పింది. మన నర్సింగ్ చదువుకు ఆనెర్‌కెన్నుంగ్, అంటే అక్కడి గుర్తింపు, వచ్చేదాక హెల్పర్ జీతమే, దానికి బీ2 కావాలె, పరీక్షనో, అక్కడి పద్ధతులు నేర్పే అడాప్టేషన్ కోర్సో చెయ్యాలె. నాకు ఫోన్ చేసిన ఏజెంట్లు ఒక్కరు గూడ ఇది చెప్పలే.

ఇగ కంప్లైంట్లు. డెమోల బ్యాచ్‌కి 20 మందే అన్నరు, మేం 38 మందిమి. వినే ప్రాక్టీస్‌కి ఒకటే స్పీకర్, వెనక బెంచీలకు ఫ్యాన్ సప్పుడే వినపడేది, హెడ్‌ఫోన్లు తెమ్మని రెండుసార్లు చెప్పినా తేలే. బీ1 పరీక్షల నాకు మిగతా మూడు మాడ్యూళ్ళు పాసయినయి, హోరెన్, అంటే వినే పరీక్షల 53 వచ్చింది, 60 వస్తేనే పాస్. ఆ ఒక్క మాడ్యూల్ మళ్ళ రాసుకోవచ్చు గాబట్టి రాసి పాసైన, కానీ ఫీజు పోయింది, నెలన్నర పోయింది.

ఆఖరి ఆదివారం ఇంటోళ్ళను గూడ పిలిచిండ్రు. అమ్మ జగిత్యాల నుంచి పొద్దుగాల బస్సుకే వచ్చింది. ఆదివారం అక్కడ షాపులు బందుంటయని విని, లేసి నిలబడి, "మరి నా బిడ్డకు జరమొస్తే గోలీ ఎట్ల దొరుకుతది" అని అడిగింది. వంతులవారీగ ఒక మెడికల్ షాపు తెరిచే ఉంటదని, ప్రాణం మీదికొస్తే 112, మామూలుగ డాక్టర్ కావాల్నంటే 116117 అని మేడం నిమ్మళంగ చెప్పింది. అమ్మ పెన్ను అడిగి అరచేతిల రాసుకున్నది, ఇంటికి పోయి క్యాలెండర్ మీద ఎక్కించింది.

బీ2కి గూడ ఇక్కడనే చేరిన, ఈసారి బ్యాచ్‌ల ఎంతమంది ఉంటరో కాయితం మీద రాయించుకున్నంకనే పైసలు కట్టిన.