ఇంటర్వ్యూ ప్రశ్నల ప్యాక్ కొనబోతున్నారా? కాస్త ఆగండి

సైన్స్, ఇంజినీరింగ్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో అడిగే "కఠినమైన ఎనలిటికల్ ప్రశ్నలు, జవాబులతో సహా" అంటూ ఆన్‌లైన్‌లో అమ్మే పీడీఎఫ్ ప్యాక్ ఒకటి కొని దెబ్బతిన్నాను. మీ డబ్బులైనా మిగులుతాయని రాస్తున్నా.

శాంపిల్ పేజీలు బాగున్నాయి. 25 గుర్రాలు, ఒక్కో పందెంలో ఐదే పరిగెత్తాలి, స్టాప్‌వాచ్ లేదు. మొదటి మూడింటిని తేల్చడానికి కనీసం ఎన్ని పందేలు? ఏడు అని మెట్టు మెట్టుగా విడమరిచి చెప్పారు. అది చూసే బుట్టలో పడ్డాను. లోపల ఆ శ్రద్ధ మచ్చుకైనా లేదు. పైన పటారం, లోన లొటారం.

రెండు గుడ్లు, 100 అంతస్తుల లెక్కే తీసుకోండి. ఏ అంతస్తు నుంచి వదిలితే గుడ్డు పగలడం మొదలవుతుందో కనిపెట్టాలి. అదృష్టం ఎంత బాగోకపోయినా ఎన్నిసార్లలో తేలుతుంది? ప్యాక్‌లో 19 అని ఉంది. పదేసి అంతస్తులు ఎక్కుతూ పోవడం, పగిలాక రెండో గుడ్డుతో ఒక్కో అంతస్తూ చూడటం. ఇంటర్వ్యూలో అదే గడగడా అప్పజెప్పాను. "ప్రతిసారీ పదే ఎందుకండీ?" అన్నారు ఇంటర్వ్యూ చేస్తున్నావిడ. నోరు పెగల్లేదు. నిజానికి మొదట 14 ఎక్కి, ఆపైన 13, 12 అంటూ అంతరం ఒక్కొక్కటీ తగ్గించుకోవాలి. మొదటి గుడ్డును ఒకసారి ఎక్కువ వదిలితే, రెండోదాన్ని ఒకసారి తక్కువ వదిలితే సరిపోతుంది. 14 నుంచి 1 దాకా కూడితే 105, వంద దాటింది. అంటే 14 సార్లు చాలు. ఆవిడ అంతటితో వదల్లేదు, మూడు గుడ్లుంటే అన్నారు. (తొమ్మిది. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని తేల్చాను, ఏం లాభం!)

ఇంకా ఉన్నాయి. పడవలోని రాయిని చెరువులో పడేస్తే నీటిమట్టం పెరుగుతుందట. తగ్గుతుంది: పడవలో ఉన్నంతసేపు రాయి తన బరువుకు సమానమైన నీటిని తొలగిస్తుంది, మునిగాక తన ఘనపరిమాణమంత నీటినే. చివర బరువు వేలాడే కాంటిలీవర్ బీమ్ (ఒక కొస గోడలో బిగించి, రెండో కొస గాల్లో ఉండే దూలం) పొడవు రెట్టింపైతే వంపు నాలుగింతలట. ఎనిమిదింతలు! ఇది డిగ్రీ పాఠం. విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి లాంటివి వట్టి టైమ్ వేస్ట్ అని గూగుల్‌లో నియామకాలు చూసిన లాస్లో బాక్ 2013లోనే అన్నారు. ఈ ప్యాక్‌లో అవి "లేటెస్ట్" కింద ఉన్నాయి.

"నచ్చకపోతే పూర్తి డబ్బు వాపసు" అన్నది నమ్మొద్దు. ఫైల్ తెరిస్తే వాపసు లేదని షరతుల అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. తెరవకుండా నచ్చలేదని ఎలా తెలుస్తుందో వాళ్లకే తెలియాలి. ఆఫర్ గడియారం కూడా ఉత్తదే, పేజీ రిఫ్రెష్ చేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

కొనాలనే ఉంటే మధ్యలోంచి రెండు పేజీలు పంపమనండి, వాళ్లు ఏరి పెట్టినవి కాకుండా. కుదరదంటే ఆ ప్యాక్ వదిలేయండి. ఇప్పటికే కొన్నవాళ్లు ఆ 19 కొట్టేసి 14 అని రాసుకోండి.