వానా ఎండా దోబూచులాడే రోజు జంతువుల వీడియోకి ఏ లెన్స్ మేలు?

జూమ్ చేస్తే గొట్టం ముందుకి సాగే జూమా, పొడవు మారని సాగని జూమా, లేక అప్పు చేసైనా అసలు జూమే చేయలేని పెద్ద ప్రైమా అని చాలామంది అడుగుతూనే ఉన్నారు, నేనూ ఈమధ్యే ఇదే ప్రశ్నతో నెలరోజులు తన్నుకులాడి ఒకటి కొన్నాను కాబట్టి నాకు తోచింది చెప్తున్నా.

ముందు ప్రైమ్ సంగతి. 600 ఎంఎం ఎఫ్/4 ప్రైమ్ లోకి (ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ) వచ్చే వెలుతురు ఎఫ్/6.3 జూమ్ కంటే దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ, మబ్బు పట్టినప్పుడు అది చిన్న విషయం కాదు. కానీ ఫొటోకీ వీడియోకీ ఇక్కడే తేడా వస్తుంది. ఫొటోకైతే షట్టర్ సెకనులో 1/1000 వంతు పెట్టాలి, వీడియోలో సెకనుకి 25 ఫ్రేములకి 1/50 చాలు, అంటే వెలుతురు మనకి ముందే బోలెడు మిగులుతుంది. ప్రైమ్‌లో ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) 800 సరిపోయే చోట జూమ్‌లో 2000 పెట్టాలి, అంతే. ఇప్పటి కెమెరాలకి అదేం భారం కాదు. అదే మేస్తూ మేస్తూ జింక మన వైపే వచ్చేసిందనుకోండి, ప్రైమ్‌లో మూతి తప్ప ఏమీ పట్టదు, జోరువానలో లెన్స్ మార్చడం అయ్యే పని కాదు.

ఇక రెండు జూముల్లో నాకు అసలు తేడా అనిపించింది బ్యాలెన్స్. కెనన్ ఆర్‌ఎఫ్ 100-500, సిగ్మా 150-600 లాంటివి జూమ్ చేస్తే గొట్టం ముందుకి సాగుతుంది, ఫ్లూయిడ్ హెడ్ (కెమెరాని మెత్తగా తిప్పే ట్రైపాడ్ తల) మీద బరువు ముందుకి జరిగి ముక్కు కిందికి వాలుతుంది, షాట్ మధ్యలో దాన్ని సర్దుకునేలోపే జంతువు వెళ్లిపోతుంది. పైగా తడిసిన గొట్టాన్ని తుడవకుండా వెనక్కి లాగితే ఆ తడి లోపలికే పోతుంది, నీళ్లు చొరకుండా సీల్స్ ఉన్నా సరే నాకు ధైర్యం చాలదు. రెయిన్ కవర్ కూడా ప్రతిసారీ లాగుతూ ఉండాలి. సోనీ 200-600, నికాన్ జెడ్ 180-600 పొడవు మారదు కాబట్టి కవర్ ఒకసారి కడితే ఇక దాన్ని మర్చిపోవచ్చు. బ్యాగులో చోటు ఎక్కువ తింటాయి, నిజమే, నేను దానికి సిద్ధపడ్డాను.

ఒక్క విషయంలో మాత్రం ప్రైమ్‌దే పైచేయి. మబ్బు తొలగి ఎండ కొట్టగానే 1/50 దగ్గర వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లేకపోతే అంతా తెల్లగా పోతుంది. పెద్ద ప్రైముల్లో వెనకవైపు ఫిల్టర్ పెట్టుకునే అర ఉంటుంది, సాగని జూములకి ముందు 95 ఎంఎం వేరియబుల్ ఎన్‌డీ (తిప్పితే నలుపు మారేది) బిగించి హుడ్‌లో వేళ్లు పెట్టి తిప్పాలి, ఆ తిప్పడంలో అద్దం మీద నాలుగు చినుకులు పడనే పడతాయి. జేబులో పొడిగుడ్డ పెట్టుకోండి.

ఫోన్లు, బ్రిడ్జ్ కెమెరాలు (లెన్స్ మార్చలేని పెద్ద జూమ్ కెమెరాలు) కూడా అడిగారు, నేర్చుకోడానికి పర్లేదు, వెలుతురు తగ్గితే పనికిరావు. ఎక్కువగా తెల్లవారకముందే, చీకటిపడ్డాకే తీసేవాళ్లయితే ప్రైమే కొనుక్కోండి. మిగతావాళ్లకి సాగని జూమే.