బిడ్డ వచ్చేలోపు కారు మార్చాలా, ఆగాలా: ఏది మేలు?

రెండు తలుపుల కారు కొన్నప్పుడు ఇంట్లో ఉన్నది ఇద్దరమే. వెనక సీటు ఎంత ఇరుకో ఎవరం చూడలేదు, అక్కడ కూర్చునేది మా బ్యాగులే కదా అనుకున్నాం. అయిదేళ్ల లోన్ మీద తెచ్చుకున్నాం. సరిగ్గా 24 కిస్తీలు కట్టేసరికి మా ఆవిడకు నెల తప్పింది. ఆ వారమే ఇంట్లో చర్చ మొదలైంది: ఈ బండి తీసేసి పిల్లలకు వీలైనది కొనాలా, ఎలాగోలా దీంతోనే నెట్టుకురావాలా?

అందరూ ముందు కొత్త కారు ఏది బాగుంటుందని చూస్తారు. నేనూ అదే చేసి రెండు వారాలు వృథా చేసుకున్నాను. ముందు చూడాల్సింది పాత కారు లెక్క. ఇప్పుడే లోన్ తీర్చేస్తే ఎంత కట్టాలో బ్యాంకును రాతపూర్వకంగా అడగాలి. గడువుకు ముందే తీర్చినందుకు ఛార్జీ ఏమైనా ఉంటే అదీ అందులో కలిపి చెప్పమనాలి. తర్వాత కారు అమ్మితే ఎంత వస్తుందో కనీసం ముగ్గురి దగ్గర ధర కట్టించుకోవాలి. బాకీ కంటే ధర తక్కువైతే ఆ తేడాయే మనం పూడ్చాల్సిన గుంత.

తేలిగ్గా అర్థం కావడానికి లోన్ 100 అనుకుందాం. ఏడాదికి 10 శాతం వడ్డీ, 60 కిస్తీలు. నెలకు 2.12 చొప్పున 24 నెలల్లో కట్టింది 51. బాకీ 49 ఉంటుందనుకుంటాం కదా? కాదు, 66 ఉంటుంది. మొదట్లో కిస్తీలో పెద్ద ముక్క వడ్డీకే పోతుంది. కారు ధర పడిపోయేది కూడా ఆ మొదటి రెండు మూడేళ్లలోనే ఎక్కువ. మా బండికి 55 వస్తుందన్నారు. అంటే గుంత 11.

ఇక్కడ డీలర్ దగ్గర ఒక తియ్యటి మాట వినిపిస్తుంది. "పాత లోన్ సంగతి మాకొదిలెయ్యండి సార్, కొత్త దాంట్లో కలిపేస్తాం. కిస్తీ ఇంకా తగ్గుతుంది." తగ్గడం నిజమే. కొత్త కారు 80 అనుకుంటే గుంతతో కలిపి లోన్ 91. దాన్ని అదే వడ్డీకి ఏడేళ్లకు సాగదీస్తే నెలకు 1.51 చాలు. 2.12 కట్టే చేతికి అది హాయిగానే ఉంటుంది. కానీ ఏడేళ్లలో కట్టేది మొత్తం 127. ఎనభై విలువ చేసే బండికి! పైగా మధ్యలో యాక్సిడెంట్ అయి కారు పూర్తిగా పోతే మామూలు ఇన్సూరెన్స్ ఇచ్చేది కారుకు ఆనాటికున్న విలువే, మన బాకీ ఎంతని చూడదు. లేని కారుకు కిస్తీ కట్టాల్సి రావచ్చు. ఈ దారి నేనైతే ఎవరికీ చెప్పను. కిస్తీ ఎంత తగ్గుతుందని మాత్రమే చెప్పి మొత్తం ఎంతో చెప్పనివాళ్ల దగ్గర కాఫీ కూడా తాగకూడదని మా ఆవిడ అంటుంది.

రెండో దారి: కారు మనమే అమ్మి, ఆ 11 చేతిలోంచి వేసి లోన్ తీర్చేసి, నాలుగైదేళ్లు వాడిన అయిదు తలుపుల బండి కొనడం. అది 35 అనుకుందాం. పాత కార్ల మీద వడ్డీ సాధారణంగా కాస్త ఎక్కువ కాబట్టి 12 శాతం, మూడేళ్లు వేసుకుంటే నెలకు 1.16. చేతిలోంచి వేసిన 11 కలిపినా మొత్తం 53. ఉన్న లోన్‌కే మిగిలిన 36 కిస్తీలు కడితే 76 పైన. డబ్బు లెక్కలో దీనికి తిరుగులేదు. ఒక్కటే చిక్కు: ఆ 11 ఎక్కడిది? కాన్పు ఖర్చుకు, జీతం తగ్గే నెలలకు దాచుకున్న దాంట్లోంచి తీస్తే మాత్రం ఇది తెలివైన పని కాదు. ఇంకో మాట, లోన్ తీరాక బ్యాంకు ఇచ్చే కాగితం చేతికి రాకుండా కొనేవాళ్లు సాధారణంగా డబ్బు ఇవ్వరు. దానికి కొన్ని వారాలు పట్టవచ్చు. తొమ్మిదో నెలలో మొదలుపెట్టే పని కాదిది.

ఇంకో చిన్న కారు అదనంగా కొంటే? రెండు ఇన్సూరెన్సులు, రెండు సర్వీసులు. ఆ ఆలోచన మా ఇంట్లో ఒక పూట కూడా నిలవలేదు.

ఇక ఉన్నదాంతోనే ఒక ఏడాది ఆగడం. లెక్క చూస్తే ఇది చాలామంది అనుకునేదాని కంటే మంచి బేరం. మరో 12 కిస్తీలు కడితే బాకీ 66 నుంచి 46కి దిగుతుంది. ఈపాటికి ధర పడే వేగం తగ్గుతుంది కాబట్టి 55 పలికే బండి ఏడాది తర్వాత 46 ప్రాంతంలో ఉండే అవకాశం ఉంది. గుంత దానంతటదే పూడుతుంది. జేబులోంచి ఏమీ వేయక్కర్లేదు.

అయితే బిడ్డను అందులో భద్రంగా కూర్చోబెట్టగలమా అన్నది అన్నిటికంటే ముందు తేలాలి. మీది రెండు సీట్ల కారై, ముందు సీటు ఎయిర్‌బ్యాగ్ ఆపే వీలు లేకపోతే ఇక చర్చే లేదు, బండి మార్చాల్సిందే. పసిబిడ్డ సీటును వెనక్కి తిప్పి బిగిస్తారు. దాని ముందు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే నేరుగా ఆ సీటు వీపును కొడుతుంది. ప్రాణాంతకం. వెనక్కి తిప్పడం ఎందుకంటే, పసివాళ్లకు తల బరువు, మెడ బలహీనం. ఎదురుగా ఢీకొన్నప్పుడు ఆ విసురు మెడ మీద పడకుండా సీటు వీపు మొత్తం కాచుకుంటుంది. ఐక్యరాజ్యసమితి ఆర్129 నియమం కింద తయారైన సీట్లలో 15 నెలలు దాటేదాకా అలాగే కూర్చోబెట్టాలి. కాబట్టి "నాలుగు నెలలు సర్దుకుంటే చాలు" అనుకోకండి.

సీటు కొనే ముందు దాన్ని మీ కారులో పెట్టి చూడనిమ్మని కొట్టువాళ్లను అడగండి. మేం అడిగాం, ఒప్పుకున్నారు. బిడ్డ సీటును నేరుగా కారుకే బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు దొరికాయి, సీటు ఠక్కున కూర్చుంది. కానీ దాని ముందున్న సీటు ఎంత జరిగిందంటే నా మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు తగిలాయి. స్ట్రోలర్ (బిడ్డను తిప్పే తోపుడుబండి) చక్రాలు ఊడదీస్తే తప్ప డిక్కీలో పట్టలేదు. అయినా పట్టింది. ఆగుదాం అని నిర్ణయించుకున్నాం.

ఆ ఏడాది ఎలా గడిచిందో కూడా చెప్పాలి, లేకపోతే లెక్క సగమే అవుతుంది. రెండు తలుపుల బండిలో వెనక్కి వెళ్లాలంటే ముందు సీటు మడిచి, నడుం వంచి, బిడ్డను చేతుల్లో పెట్టుకుని పక్కకు తిరిగి దూరాలి. మా ఆవిడకు సిజేరియన్ అయింది. బిడ్డ కంటే బరువైనదేదీ ఎత్తొద్దని డాక్టర్ చెప్పారు. సీటుతో సహా బిడ్డ అంటే ఎనిమిది కిలోలకు తక్కువ కాదు. అందుకని మొదటి రెండు నెలలు ఎక్కించడం, దించడం అంతా నేనే. నేను ఊళ్లో లేని రోజు ఆవిడ ఇల్లు కదిలేది కాదు. వాన పడితే పక్క బండికి మా తలుపు తగలకుండా, బిడ్డ తడవకుండా చూసుకోవడం ఒక సర్కస్. పొడవాటి తలుపు పూర్తిగా తెరుచుకునేంత చోటు పార్కింగులో అరుదుగా దొరుకుతుంది. ఈ సంగతి కారు కొన్నప్పుడు ఎవరూ చెప్పరు.

ఆగుదామనుకున్న పదకొండో నెలలో అమ్మేశాం. బాకీ, ధర దాదాపు సమానంగా వచ్చాయి. ఇప్పుడున్నది వాడిన అయిదు తలుపుల కారు, సీటు కాస్త ఎత్తులో ఉంటుంది కాబట్టి వంగక్కర్లేదు. కొనడానికి వెళ్లినప్పుడు స్ట్రోలర్‌ను, బిడ్డ సీటును వెంట తీసుకెళ్లి పెట్టి చూశాం. మాకేం కావాలో అప్పటికి ఒళ్లు నొప్పులతో సహా తెలుసు.

నన్నడిగితే సీటు భద్రంగా బిగుస్తుంది, గుంత పెద్దది, చేతిలో డబ్బు లేదు అన్నవాళ్లకు ఆగడమే మేలు. గుంత చిన్నదై, కాన్పు డబ్బు ముట్టుకోకుండా పూడ్చగలిగితే ఆరో నెలలోపే అమ్మేసి వాడిన బండి కొనుక్కోవాలి. మొన్న ఇదే మాట మా ఆవిడతో అన్నాను.

"పదకొండు మిగిలిందంటారు, నిజమేనండీ," అంది. "కానీ ఆ రెండు నెలలు వెనక సీట్లోకి దూరింది మీరు. కదలకుండా ఇంట్లో కూర్చున్నది నేను. అది మీ లెక్కలో ఎక్కడుంది?"

నా దగ్గర జవాబు లేదు. పాపకు బెల్టు పెట్టి తలుపు వేశాను, ఒక్క చేత్తో.