ఈ-కోర్ట్స్ యాప్: వాయిదా తేదీ కంటే దాని పక్కన ఉన్న మాటే ముఖ్యం

చిత్తూరు కోర్టులో మా భూమి దావా ఒకటి నడుస్తోంది. మేము ఉండేది తిరుపతిలో. సుమారు 70 కిలోమీటర్లు పూతలపట్టు మీదుగా బస్సులో వెళ్లి, కోర్టు హాలు బయట నిలబడి, బంట్రోతు మా నంబరు పిలిచిన అర నిమిషానికే మరో తేదీ రాసుకుని తిరిగి రావడం మాకు అలవాటైపోయింది. ఆ తిరుగుడు తగ్గుతుందేమోనని, సుప్రీంకోర్టు ఈ-కమిటీ ఆధ్వర్యంలోని ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్‌ను ఏడాది క్రితం ఫోనులో వేసుకున్నాను.

యాప్ ఉచితం. ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉండే సీఎన్ఆర్ నంబరు కొడితే కేసు తెరుచుకుంటుంది. ఆ నంబరు చేతిలో లేకపోయినా కక్షిదారు పేరుతోనో, కేసు నంబరు, సంవత్సరంతోనో వెతకవచ్చు. ఒకసారి 'మై కేసెస్'లో భద్రపరచుకుంటే మళ్లీ వెతుకులాట ఉండదు. అందరూ తేదీ చూసి ఫోను మూసేస్తారు, నేనూ అంతే చేశాను.

దాని ఫలితం ఒక వాయిదాకు తెలిసింది. తేదీ పక్కన 'ఎవిడెన్స్' (సాక్ష్యం) అని ఉంటే, ఇదీ ఎప్పటి వాయిదాయే అనుకుని నాన్నగారిని ఇంట్లోనే ఉంచి ఒక్కడినే వెళ్లాను. ఆ రోజు ఆయన బోనెక్కవలసిన రోజు. వాది తరఫు మొదటి సాక్షి ఆయనే. ప్రధాన విచారణ, అంటే ఆయన తన వైపు నుంచి చెప్పే సాక్ష్యం, ప్రమాణపత్రం రూపంలో ముందే దాఖలైనా, ఎదుటి వకీలు అడిగే ఎదురు ప్రశ్నలకు (క్రాస్‌కు) మనిషి రాకపోతే ఆ ప్రమాణపత్రానికి విలువ నిలవదు. వాది వైపు ఎవరూ పలకకపోతే దావానే కొట్టివేయవచ్చు. మా వకీలు అనారోగ్యం కారణం చూపి వాయిదా అడిగి ఆ పూట గట్టెక్కించారు. తప్పు నాదే, ఆ ఒక్క మాట నాకు అర్థం కాలేదు.

అప్పటినుంచి తేదీ పక్క గడిలోని మాటలనే పట్టి చదువుతున్నాను. 'అప్పియరెన్స్' అంటే సమన్లు అందుకున్న ప్రతివాది హాజరు కావడం. వకాల్తా వేసి ఉంటే సాధారణంగా వకీలు చాలు. 'రిటెన్ స్టేట్‌మెంట్' అంటే జవాబు దావా. దానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఇచ్చే గడువు 30 రోజులు, కారణాలు రాసి 90 వరకు పొడిగించవచ్చు. 'ఇష్యూస్' నాడు కోర్టు వివాదాంశాలను ఖరారు చేస్తుంది. ఇది చిన్న వాయిదాలా కనిపిస్తుంది గానీ, తరువాత సాక్ష్యమంతా వాటి చుట్టూనే తిరుగుతుంది కనుక ఆ కాగితం నకలు అడిగి తీసుకోవడం మేలు. ఐ.ఏ. అని కనబడితే అది దావా విచారణ కాదు, ఇంజంక్షన్ వంటి మధ్యంతర దరఖాస్తు మీద విచారణ. 'ఆర్గ్యుమెంట్స్' వకీళ్ల పని. లోక్ అదాలత్ అని వస్తే మాత్రం కక్షిదారులే వెళ్లి కూర్చోవాలి, ఎందుకంటే అక్కడ రాజీతో వచ్చే అవార్డు (తీర్పు) మీద అప్పీలు ఉండదు. కట్టిన కోర్టు ఫీజు మాత్రం తిరిగి వస్తుంది. క్రిమినల్ కేసుల లెక్క వేరు. మినహాయింపు ఉత్తర్వు లేకుండా నిందితుడు గైర్హాజరైతే వారెంటు దాకా పోవచ్చు.

యాప్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది కేసు చరిత్ర. పాత తేదీ మీద వేలు పెడితే ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో రెండు మూడు వరుసల్లో తెరుచుకుంటుంది. వాయిదా ఎవరు అడిగారో, ఎందుకు అడిగారో కొన్నిసార్లు అందులోనే తెలుస్తుంది. వకీలుగారికి ఫోను చేసి "ఏమైంది సార్?" అని అడగడం మా ఇంట్లో సగానికి సగం తగ్గింది. ఉత్తర్వుల ప్రతులు కూడా దించుకోవచ్చు. అవి చదువుకోవడానికే, అప్పీలుకు మాత్రం కోర్టు నుంచి ధ్రువీకరించిన నకలే తీసుకోవాలి.

యాప్‌లో మాటలు కనబడతాయి గానీ వాటి అర్థం చెప్పే చోటు నాకు కనబడలేదు. అందుకే ప్రతి మాటకూ ఎదురుగా "నాన్న రావాలి", "వకీలు చాలు" అని ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాను. వచ్చే వాయిదా పక్కన 'ఆర్గ్యుమెంట్స్' అని ఉంది. నిన్న రాత్రి నాన్నగారు చొక్కా ఇస్త్రీ చేయించాలా అని అడిగితే, ఈసారికి అక్కరలేదన్నాను.