ఓపెన్ గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్: నలుగురు కలిసి నేర్చుకోవడానికి తగిన స్కోరు

జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్ అనే కీబోర్డు కృతిని ఒక్కరే కూర్చుని నేర్చుకోవాలంటే పియానో బాగా వచ్చినవారికి కూడా ఓపిక చాలదు. మొదట ఏరియా అనే పాటలాంటి చిన్న రచన, తరువాత దాని ఆధారంగా అల్లిన ముప్పై వేరియేషన్లు, చివరికి మళ్లీ అదే ఏరియా. పునరావృత్తులన్నీ వాయిస్తే గంటకు పైగా సాగే ఈ కృతిని సాధన చేసేవారికి రెండు మూడు నెలల తరువాత తాము ముందుకు వెళుతున్నామో లేదో తెలియని స్థితి వస్తుంది. తోటివారితో కలిసి, పంచుకుని, ఒకరు వాయిస్తుంటే మరొకరు వింటూ నేర్చుకోవడమే దీనికి సరైన దారి అని నేను గట్టిగా నమ్ముతున్నాను. అలా నేర్చుకునే బృందానికి 2012లో విడుదలైన ఓపెన్ గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్ అనే ఉచిత స్కోరు (స్వరలిపి ప్రతి), దానితోపాటు వచ్చిన రికార్డింగు ఎంతవరకు ఉపయోగపడతాయో చెప్పడం ఈ సమీక్ష ఉద్దేశం.

నిధుల సేకరణ వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్‌లో సంగీతాభిమానులు ఇచ్చిన విరాళాలతో ఈ పని మొదలైంది. స్వరలిపి రాసే మ్యూజ్‌స్కోర్ సాఫ్ట్‌వేర్ రూపకర్త వెర్నర్ ష్వీర్ నొటేషన్‌ను సిద్ధం చేయగా, దానిని అందరి ముందూ ఉంచి, తెలిసినవారి సూచనలతో సరిదిద్దారు. పియానిస్టు కిమికో ఇషిజాకా బెర్లిన్‌లోని టెల్డెక్స్ స్టూడియోలో, 97 మెట్లున్న బోసెన్‌డార్ఫర్ ఇంపీరియల్ పియానో మీద కృతి మొత్తాన్ని వాయించి రికార్డు చేశారు. స్కోరునూ రికార్డింగునూ క్రియేటివ్ కామన్స్ జీరో పద్ధతిలో హక్కులన్నీ వదులుకుని విడుదల చేశారు కాబట్టి ఎవరైనా దించుకోవచ్చు, ముద్రించుకోవచ్చు, మార్చుకోవచ్చు, మరొకరికి పంపవచ్చు.

ఈ స్వేచ్ఛ విలువ బృందంగా నేర్చుకునేటప్పుడే పూర్తిగా తెలుస్తుంది. మా బృందంలో హైదరాబాదువారు, విశాఖపట్నంవారు, డల్లాస్‌లో స్థిరపడినవారు ఉన్నారు. తలా ఒక ప్రచురణ పట్టుకుని కూర్చుంటే పుటలు కలవవు, అలంకారాల గుర్తులు కలవవు, మాట్లాడుకునే సమయంలో సగం వెతుక్కోవడానికే పోతుంది. అందరి చేతిలో ఒకే ఫైలు ఉన్నప్పుడు, ఒకరు తమ గుర్తులు రాసి పంపిన ప్రతినే మిగిలినవారు తెరిచి చూసుకోవచ్చు. ఖరీదైన పుస్తకాన్ని దొంగచాటుగా జిరాక్స్ తీయించవలసిన అవసరం కూడా ఉండదు. పిల్లలకు పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఇది చిన్న విషయం కాదు.

ఈ కృతి నిర్మాణం మన సంగీతం తెలిసినవారికి త్వరగా పట్టుబడుతుంది, అయితే ఒక తేడాను గమనించాలి. కీర్తనలో సంగతులు వేసేటప్పుడు పల్లవి వరుస ఆధారంగా ఉంటుంది, దాని మీదే గమకాలు, విరుపులు పెరుగుతాయి. బాఖ్ మాత్రం ఏరియాలోని పై వరుసను దాదాపు పూర్తిగా వదిలేసి, ఎడమచేతి కింద నడిచే బాస్ (మంద్ర స్వరాల) వరుసను, దాని మీద నిలిచే హార్మనీని (కలిసి మోగే స్వరాల పొందికను) పట్టుకుంటాడు. ఏరియా నిడివి 32 బార్లు (తాళం ఆవర్తనం లాంటి చిన్న భాగాలు). అందులో మొదటి ఎనిమిది బాస్ స్వరాలు, జీ స్వరాన్ని షడ్జమంగా తీసుకుంటే, శంకరాభరణంలో స ని ధ ప గ మ ప స అవుతాయి. ఈ ఎనిమిది స్వరాలను ఒకరు బార్‌కు ఒకటి చొప్పున నెమ్మదిగా పాడుతుంటే మరొకరు మొదటి వేరియేషన్‌ను, ఆ తరువాత నాలుగో వేరియేషన్‌ను వాయించి చూడండి. అంతవరకు వేర్వేరు రచనల్లా వినిపించినవి ఒకే నేల మీద నిలబడి ఉన్నాయని చెవికి తెలుస్తుంది. 15, 21, 25 వేరియేషన్లు మైనర్ స్కేలులో ఉంటాయి కనుక అక్కడ గాంధారం మారుతుంది, పాడేవారు ముందే సరిచూసుకోవాలి.

స్కోరు ఫైలు అసలు ప్రయోజనం కానన్ల దగ్గర కనిపిస్తుంది. 27వ దాని వరకు ప్రతి మూడో వేరియేషన్ ఒక కానన్, అంటే ఒక వాయిస్ (స్వర వరుస) అన్నదాన్నే మరొకటి కాస్త వెనుకగా అనుకరించే రచన. మూడో వేరియేషన్‌లో రెండు వాయిస్‌లూ ఒకే స్వరం నుంచి మొదలవుతాయి, ఆరో దానిలో ఒక మెట్టు ఎడంగా, తొమ్మిదో దానిలో మూడో స్వరం ఎడంగా, ఇలా 27వ వేరియేషన్ చేరేసరికి ఆ దూరం తొమ్మిదో స్వరం వరకు పెరుగుతుంది. మూడో వేరియేషన్‌లో రెండో వాయిస్ ఒక బార్ ఆలస్యంగా వచ్చి మొదటి వాయిస్ అన్న మాటనే అదే స్థాయిలో అంటుంది. ఒక్కరే వాయించేటప్పుడు ఈ రెండూ కుడిచేతి ఐదు వేళ్ల మధ్యే చిక్కుపడతాయి, ఏది ముందు వచ్చిందో, ఏది వెనుక వచ్చిందో వాయించేవారికే వినిపించదు. మ్యూజ్‌స్కోర్‌లో ఆ ఫైలు తెరిచి, రెండు వాయిస్‌లనూ బాస్‌నూ మూడు వేర్వేరు వరుసలుగా విడదీసి ముద్రించుకుని, ముగ్గురు తలా ఒకటి వాయిస్తే ఈ చిక్కు విడిపోతుంది. 27వ వేరియేషన్‌లో విడిగా బాస్ లేదు కనుక ఇద్దరు చాలు. ఎదురుగా మనిషి లేనప్పుడు ఒక వాయిస్‌ను తీసేసి, మిగిలినదాన్ని సగం వేగంతో కంప్యూటర్ చేత వాయింపజేసి, దానితో కలిసి సాధన చేయవచ్చు. ముద్రిత పుస్తకం ఎంత గొప్పదైనా ఈ సౌకర్యం ఇవ్వలేదు.

రెండు వరుసల మెట్ల సమస్యకు కూడా బృందమే పరిష్కారం. 1741 నాటి తొలి ముద్రణ ముఖపుటలోనే ఇది రెండు మాన్యువల్స్ (మెట్ల వరుసలు) ఉన్న హార్ప్సికార్డ్ (పియానోకు ముందునాటి, తీగలను మీటే వాయిద్యం) కోసం రాసినదని ఉంది. 8, 11, 13, 14, 17, 20, 23, 25, 26, 27, 28 వేరియేషన్లకు రెండు వరుసలు కావాలని బాఖ్ సూచించాడు, 5, 7, 29లను ఒక వరుస మీదైనా రెండింటి మీదైనా వాయించవచ్చు. పియానోకు ఒకే వరుస ఉంటుంది కాబట్టి ఎనిమిదో వేరియేషన్‌లో రెండు చేతులూ ఒకదాని దారిలోకి ఒకటి వచ్చి, కొన్నిచోట్ల ఒకే మెట్టు మీద కలుసుకుంటాయి. ఒక చేయి మెట్ల అంచున, మరొకటి లోపలికి జరిగి నల్ల మెట్ల మధ్య ఉండాలి. ఏ చేయి పైన వెళ్లాలో ప్రతి బార్‌లో ముందే నిర్ణయించుకుని పెన్సిలుతో రాసుకోవాలి. అంతకుముందే రెండు డిజిటల్ పియానోలు పక్కపక్కన పెట్టి, కుడిచేతి వరుస ఒకరు, ఎడమచేతి వరుస ఒకరు కొన్నిసార్లు వాయిస్తే, ఆ సంగీతం అడ్డంకులు లేకుండా ఎలా వినిపించాలో మనసులో నిలుస్తుంది. ఆ ధ్వనిని గుర్తుంచుకుని ఒకే పియానో మీదికి వచ్చేవారికి దారి తేలికవుతుంది. వేర్వేరు ఊళ్లలో ఉన్నవారు వీడియో కాల్‌లో ఇలా కలిసి వాయించాలనుకుంటే కుదరదు, శబ్దం ఆలస్యంగా చేరుతుంది. ఒకరు రికార్డు చేసి పంపిన వరుస మీద మరొకరు వాయించడమే మార్గం.

ఈ స్కోరు అన్ని అవసరాలూ తీర్చదు. ఏ వేలు ఎక్కడ అన్నది మనమే రాసుకోవాలి, ఈ కృతిలో అది చాలా పెద్ద పని. అందువల్ల బృందంలో ఒక్కరి దగ్గరైనా హన్స్-మార్టిన్ టియోపోల్డ్ ఫింగరింగ్‌తో వచ్చిన హెన్లే ప్రచురణ సంస్థ ఉర్‌టెక్స్ట్ (మూలపాఠానికి కట్టుబడిన) ప్రతి ఉండాలని సలహా ఇస్తాను. చేతి పరిమాణాన్ని బట్టి ఆ వేళ్లను మార్చుకోవచ్చు, కానీ మొదలుపెట్టడానికి అది నమ్మదగిన ఆధారం. ఏరియాలోని అలంకారాల విషయంలో వాదన తప్పదు. దానికి బాఖ్ తన పెద్దకొడుకు విల్హెల్మ్ ఫ్రీడెమాన్ కోసం 1720లో మొదలుపెట్టిన పాఠ్యపుస్తకంలోని అలంకారాల పట్టికను ముందు పెట్టుకోవడం మంచిది. 1974లో స్ట్రాస్‌బర్గ్‌లో దొరికిన బాఖ్ సొంత ప్రతిలో ఏడో వేరియేషన్‌కు జీగ్ (చురుకైన నృత్యం) నడక అని, 25వ వేరియేషన్‌కు అడాజియో (నెమ్మదిగా) అని ఆయన రాసుకున్న సూచనలు ఉన్నాయి. కాలప్రమాణం నిర్ణయించుకునే ముందు వాటిని తప్పక లెక్కలోకి తీసుకోవాలి. కంప్యూటర్ వాయించే ధ్వనిలో స్వరాలే తప్ప ఊపిరి ఉండదు కనుక దానిని స్వరాలు సరిచూసుకోవడానికి మాత్రమే వాడాలి.

ఆ లోటును ఇషిజాకా రికార్డింగు తీరుస్తుంది. పియానిస్టు గ్లెన్ గూల్డ్ 1955 రికార్డింగు 38 నిమిషాల్లో ముగిసే అద్భుతం, అయినా నేర్చుకునేవారు దాని వేగాన్ని అనుకరించబోతే వేళ్లు బిగుసుకుపోతాయి. ఇషిజాకా వాయింపులో ప్రతి వాయిస్ విడిగా, స్పష్టంగా వినిపిస్తుంది, నడక నిలకడగా ఉంటుంది, స్కోరు చేత్తో పట్టుకుని అనుసరించడం సులభం. 25వ వేరియేషన్‌లో ఇంకొంత ఆగి ఉంటే బాగుండునని నాకు అనిపిస్తుంది. అది నా అభిరుచి.

బాఖ్ రెండు వాయిస్‌ల ఇన్వెన్షన్లు (చిన్న సాధన రచనలు) కొన్నైనా వాయించి, ఒక ఫ్యూగ్‌నైనా (ఒకే ఇతివృత్తాన్ని వాయిస్‌లు వంతులవారీగా అందుకునే రచన) పూర్తి చేసినవారికే ఈ స్కోరును సిఫార్సు చేస్తాను. బృందం పెట్టుకునేవారు వరుసక్రమంలో వెళ్లనవసరం లేదు. ఏరియా, 2, 4, 10, 19, 22 వేరియేషన్లతో మొదలుపెట్టి, తరువాత 3, 18 కానన్లను ముగ్గురి మధ్య పంచుకుని, చేతులు దాటే 14, 20, 23, 26, 28 వేరియేషన్లను రెండో ఏడాదికి ఉంచుకోవడం మేలు. 25వ వేరియేషన్‌ను మాత్రం ఎవరికీ పంచకుండా అందరూ నేర్చుకోవాలి.