విశాఖ డాబా మీద రెండు డ్రోసెరాలు: ఒక నర్సరీ సరుకుపై సమీక్ష

కిందటి ఏడాది జూలైలో నగర శివారులోని ఒక నర్సరీలో రెండు డ్రోసెరా మొక్కలు (ఆకుల జిగురుతో పురుగులను పట్టి తినేవి), ఒక్కొక్కటి 450 రూపాయల చొప్పున కొన్నాను. రెండూ ఆరోగ్యంగానే ఉన్నాయి. ఆకుల కేశాల కొసన జిగురు బొట్లు నిండుగా మెరుస్తున్నాయి, కుండీల్లో ఎరువు కలపని పీట్ (బురదనేలల్లో నాచు కుళ్లి ఏర్పడే మట్టి), ఇసుక ఉన్నాయి. సరుకు నాణ్యతకు వంక పెట్టలేను.

వంకంతా కుండీలకు అంటించిన చీటీలోనే ఉంది. వర్షపు నీరో, ఆర్వో నీరో తప్ప పోయవద్దని, అడుగు పళ్లెం ఎండనివ్వవద్దని అందులో రాసిన మాటలు నిజమే కానీ, చలికాలంలో మొక్క నిద్రపోతుందన్న మూడో సూచనను రెండింటికీ ఒకేలా అంటగట్టారు.

మొదటిది దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతపు డ్రోసెరా కాపెన్సిస్. దానికి సుప్తావస్థ అవసరం లేదు. చీటీ ప్రకారం నిద్రకు జారవలసిన నవంబరులోనే అది వంకీ తిరిగిన పూలకాడను లేపింది. మొగ్గలు కింది నుంచి పైకి దాదాపు రోజుకొకటిగా గులాబీ రంగులో విచ్చుకుని, సాయంత్రానికి ముందే ముడుచుకునేవి కనుక, ఉద్యోగానికి వెళ్లే నాకు ఆదివారాల్లో తప్ప వాటి దర్శనం దొరకలేదు. తనంతట తానే పరాగసంపర్కం జరుపుకోగల జాతి కావడంతో, పొడిలాంటి గింజలు రాలి పక్క కుండీలోనూ మొలకలు వచ్చాయి.

రెండోది డార్విన్ ఏళ్ల తరబడి పరిశీలించిన డ్రోసెరా రోటుండిఫోలియా. ఉత్తరాది శీతల దేశాల బురదనేలల్లో పెరిగే ఈ మొక్క పగటి పొద్దు తగ్గి చలి ముదిరేసరికి ఆకులన్నింటినీ వదిలి, నేలమట్టంలో బిగుతైన మొగ్గగా ముడుచుకుని, వసంతంలో తిరిగి చిగురిస్తుంది. మన సముద్రతీరపు జనవరిలో అంత చలి ఎక్కడిది? మొగ్గ కట్టలేదు సరికదా, ఒకదాని కంటే ఒకటి చిన్నవైన ఆకులు వేస్తూ నీరసించి, ఏప్రిల్ ఉక్కపోతకు చనిపోయింది. నర్సరీవాళ్లను అడిగితే, “నీళ్లు ఎక్కువైపోయుంటాయి సార్” అన్నారు.

మన తూర్పు కనుమల తడినేలల్లో పెరిగే డ్రోసెరా బర్మన్నై విత్తనాల నుంచి పెంచి అమ్మితే ఈ ఊరికి మేలు. అయితే, అది వానలతో మొలిచి, పూసి, గింజలు రాల్చి చనిపోయే ఏకవార్షికమని చీటీ మీద రాయాలి. లేకపోతే కొన్నవారు ఎండిన మొక్కను పట్టుకుని నర్సరీకే వస్తారు.

ఐదుకు మూడు మార్కులు. కాపెన్సిస్ కోసమైతే మళ్లీ అక్కడికే వెళ్తాను.