డివైస్ ట్రీలో రీసెట్ కంట్రోలర్: ఏళ్ల తరబడి వాడాక

హన్మకొండలోని మా చిన్న వర్క్‌షాపులో ఆల్‌విన్నర్ హెచ్3 చిప్‌తో గేట్‌వేలు తయారుచేస్తాం. ఎనుమాముల మార్కెట్ చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి బస్తాల మధ్య ఉష్ణోగ్రత, తేమ కొలిచి పంపడం వాటి పని. అందుకే డివైస్ ట్రీతో, అంటే బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నల్‌కు చెప్పే వివరాల ఫైల్‌తో, నాకు రోజూ సహవాసం. అందులో ఒక్కో భాగం వివరాలు ఒక్కో నోడ్‌లో ఉంటాయి.

లినక్స్ 3.10తో, అంటే 2013లో, చిప్‌లోని భాగాలను రీసెట్‌లో (పని ఆపిన స్థితిలో) పెట్టడం, అందులోంచి వదలడం చూసుకునే రీసెట్ ఫ్రేమ్‌వర్క్ వచ్చింది. అది లేకపోతే ప్రతి డ్రైవరూ చిప్ రిజిస్టర్లను తానే తడుముకోవాలి. ఇప్పుడు ఈథర్నెట్ నోడ్‌లో రెండు వరుసలు చాలు. ‘రీసెట్స్’లో క్లాకులనూ రీసెట్లనూ చూసుకునే సీసీయూ (ఇక్కడ రీసెట్ కంట్రోలర్ ఇదే) నోడ్, దాని పక్కన ఒక సంఖ్య, ‘రీసెట్-నేమ్స్’లో ‘ఎస్‌టీఎంమ్యాక్ఈత్’ అన్న పేరు. ఆ సంఖ్యకు ఏ రిజిస్టర్‌లో ఏ బిట్టో సీసీయూ డ్రైవర్ చూసుకుంటుంది. అదే ఈథర్నెట్ డ్రైవర్‌లోని రీసెట్ కోడ్ వేరే కంపెనీ చిప్‌లోనూ మార్పు లేకుండా నడుస్తుంది. ఈ ఒక్క సుఖం కోసమే మిగతావన్నీ భరిస్తున్నాను.

భరించాల్సినవీ ఉన్నాయి మరి. ఒక విడత బోర్డులతో వచ్చిన ట్రీలో ‘రీసెట్-నేమ్స్’ పేరులో ఒక అక్షరం తప్పు పడింది. కంపైలర్ నోరు మెదపలేదు. సెల్స్ (నోడ్ పక్కన రాసే సంఖ్యలు) లెక్క సరిపోతే దానికి చాలు. ఈథర్నెట్ డ్రైవర్ రీసెట్‌ను ఐచ్ఛికంగా అడుగుతుంది కాబట్టి, పేరు దొరకకపోతే ‘రీసెట్ లేదు కాబోలు’ అనుకుని ముందుకు సాగిపోతుంది. కెర్నల్‌కన్నా ముందు నడిచే బూట్‌లోడర్ యూబూట్ నెట్‌వర్క్ నుంచి కెర్నల్ తెచ్చినప్పుడు పోర్టు చక్కగా పనిచేసేది, ఎందుకంటే రీసెట్‌ను అప్పటికే అది వదిలించి ఉంచేది. మెమరీ కార్డు నుంచి బూట్ చేస్తే పోర్టులో చలనం లేదు, లాగ్‌లో రీసెట్ ఊసే లేదు. స్కీమాతో, అంటే నోడ్‌లో ఏం ఉండాలో చెప్పే నియమాలతో, సరిచూసే డీటీబీఎస్ చెక్ నడిపితే ఈ తప్పు క్షణాల్లో బయటపడుతుంది. అది నడపకుండా ట్రీ పంపే సరఫరాదారుల మీద నాకు జాలి లేదు.

ఒకటికన్నా ఎక్కువ డ్రైవర్లు పంచుకునే ఉమ్మడి రీసెట్ల సంగతి వేరు. హెచ్3లో ఒకే యూఎస్‌బీ పోర్టుకు చెందిన ఈహెచ్‌సీఐ (వేగవంతమైన పరికరాలకు), ఓహెచ్‌సీఐ (నెమ్మది పరికరాలకు) కంట్రోలర్ల నోడ్‌లు రెండూ, ఈ ఇద్దరి రీసెట్లనూ రాసుకుంటాయి. కెర్నల్ లెక్క పెట్టుకుని, చివరి డ్రైవర్ కూడా వదిలాకే లైన్‌ను మళ్లీ రీసెట్‌లోకి దించుతుంది. బాగానే ఉంది కానీ, ఆ పోర్టుకు తగిలించిన మోడెమ్ మొండికేస్తే దాన్ని దారికి తేవడానికి ఒక్క ఈహెచ్‌సీఐ డ్రైవర్‌నే తీసి పెడితే, నిజంగా రీసెట్ జరగదు. రెండు డ్రైవర్లనూ దించాల్సిందే.